నవంబరులో వాన ఉందా? కర్నూలు కరువు నుంచి మన ఫోన్ దాకా

ఈ ఎపిసోడ్ దిగువ అహోబిలం నుంచి. నా వెనక కనిపిస్తున్నవి నల్లమల కొండలు. ఇక్కడి నుంచి ఆళ్లగడ్డ దాటి కోయిలకుంట్ల వైపు పోతే నల్లరేగడి చేలు. అక్కడ చలికాలం పంట అంటే శనగ.

శనగని వానలు తగ్గినాక, భూమిలో మిగిలిన పదునులో విత్తుతారు. ఆపైన చలి, మంచే దానికి దిక్కు. వానలు ముందే ఆగిపోతే మొలక సరిగా రాదు. విత్తిన వారానికే ముసురు పట్టిందంటే గింజ కుళ్లిపోతుంది. ఒక ఏడాది మా నాయన రెండుసార్లు విత్తినాడు. రెండోసారి విత్తనాలకి అప్పు చేసినాడు. అప్పటి నుంచి అక్టోబరు వస్తే ఇంట్లో ఒకటే మాట: "ఫోన్లో చూడురా, నవంబరులో వాన ఉందా?"

మా అబ్బ కాలంలో ఫోన్ లేదు, ఉగాది పంచాంగం ఉండేది. ఈ ఏడు ఇన్ని కుంచాల వాన, సముద్రంలో ఇంత, కొండల మీద ఇంత, నేల మీద ఇంత అని చదివేవాళ్లు. అబ్బ అంతా విని, "మన చేనికి ఎంతో చెప్పలేదే" అనేవాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు 1876కి పోదాం. ధాత నామ సంవత్సరం. నైరుతి వానలు ముఖం చాటేశాయి, వెనక రావాల్సిన ఈశాన్య వానలూ రాలేదు. కరువు 1878 దాకా సాగింది. గట్టిగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. 1871 లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 9 లక్షల పైమాటే. 1881కి దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. ఆకలి, కలరా, జ్వరాలు, వలసలు. తప్పంతా వానదే అనుకోకండి. దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. కరువు పనుల్లో కూలీకి ఇచ్చే గింజల్ని రోజుకి ఒక పౌనుకి, అంటే అర కిలోకన్నా తక్కువకి కుదించారు.

ఆ కరువు తర్వాతే "వానల సంగతి ముందే చెప్పగలమా?" అన్న ప్రశ్న సర్కారుకి అవసరమైంది. 1875లో పెట్టిన వాతావరణ శాఖకి మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. హిమాలయాల్లో మంచు ఎక్కువ పడితే మన వానలు తగ్గుతాయని గమనించి, 1886 జూన్ 4న మొదటి అధికారిక రుతుపవన అంచనా ఇచ్చాడు. తర్వాత వచ్చిన జాన్ ఎలియట్ 1899లో వానలు బాగుంటాయన్నాడు. వచ్చింది ఘోరమైన కరువు. పత్రికలు దులిపేశాయి. ఆ తర్వాత కొన్నేళ్లు అంచనాలు అధికారులకి మాత్రమే, జనానికి చెప్పలేదు!

1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. ఈయన గణిత పండితుడు, వాతావరణం చదివినవాడు కాదు. ప్రపంచమంతా గాలి ఒత్తిడి లెక్కలు పోగేసి చూస్తే, పసిఫిక్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోంది, తక్కెడలాగా. 1924లో దానికి 'సదరన్ ఆసిలేషన్' అని పేరు పెట్టాడు. ఇవాళ వార్తల్లో వినే ఎల్‌నినోకీ దీనికీ ఉన్న సంబంధాన్ని 1969లో బ్యర్క్‌నెస్ తేల్చాడు. 1877 కూడా బలమైన ఎల్‌నినో ఏడాదే.

మరి అన్నీ తెలిసిపోయాయా? 2009 చూడండి. ఏప్రిల్లో వాతావరణ శాఖ దేశానికి సగటులో 96 శాతం వాన అంది. జూన్‌లో 93 అంది. చివరికి కురిసింది 78. సరే, కరువు ఏడాది అనుకునేలోపు సెప్టెంబరు ఆఖర్లో కుండపోత. అక్టోబరు 2కి కర్నూలు ఊరు నీళ్లలో ఉంది, మంత్రాలయం కూడా మునిగింది. ఒకే ఏడాది కరువు, వరద రెండూ.

కారణం ఉంది. సముద్రం మెల్లగా మారుతుంది, అందుకే నెలల ముందు సీజన్ ఎటు మొగ్గుతుందో చెప్పొచ్చు. గాలి అట్లా కాదు. ఇవాళ కొలతలో చిన్న తేడా ఉంటే కొన్ని రోజుల్లో అంతా తారుమారవుతుంది. 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ చూపించింది ఇదే. సుమారు రెండు వారాలు దాటితే ఫలానా తేదీన వాన అని చెప్పడం కుదరదు. నెల తర్వాత తేదీకి ఫోన్ చూపించే మబ్బు బొమ్మ, ఆ కాలపు సగటు కన్నా పెద్దగా చెప్పేదేమీ లేదు.

అక్టోబరు మొదట్లో వాతావరణ శాఖ ఈశాన్య వానల అంచనా ఇస్తుంది. అందులో రాయలసీమ అంతా కలిపి ఒకే ముక్క. అబ్బ అడిగింది అదే కదా, మన చేనికి ఎంత అని!

నేను మా నాయనకి చెప్పింది ఇదే. సీజన్ అంచనా చూసి, ఎంత అప్పు చేయాలి, విత్తనం కొంత వెనక్కి పెట్టుకోవాలా, బీమా కట్టాలా అనేది తేల్చుకో. ఏ రోజు విత్తాలి అనేదానికి మాత్రం వచ్చే ఐదు రోజుల అంచనా చూడు. అది 'మేఘదూత్' యాప్‌లో తెలుగులోనే ఉంటుంది. నాయన విని, "సరే, అయితే నవంబరు సంగతి?" అన్నాడు. నవంబరు దగ్గరికొచ్చినాక చెప్తా నాయనా అన్నా.

మీ ఊళ్లో పెద్దోళ్లు వానని ఎట్లా లెక్కేసేవాళ్లో కామెంట్లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.