చిన్న కారుకు చురుకు ఎక్కడిది?

నల్లజర్ల మెట్టమీది ఊరు. ఇక్కడ బయలుదేరి కొల్లేటి దాకా పోయే కారు ఒక్క పూటలోనే మూడు రకముల దారులను చూస్తుంది. గుండుగొలను నుండి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరే సుమారు 70 కిలోమీటర్ల జాతీయ రహదారి ఇటీవలనే వెడల్పయి నున్నగా ఉన్నది. దానిని విడిచి తాడేపల్లిగూడెం వైపు దిగితే కాలువ గట్టును పట్టుకొని మెలికలు తిరిగే పాత రోడ్లు. ఇంకా దిగువకు, ఆకివీడు దాటితే, చేపల చెరువుల నడుమ గట్లమీది దారులు: ఇరుప్రక్కలా నీరు, ఎదురుగా చేపల లారీ. ఈ మూడింటి మీదను సంతోషముగా నడపదగిన కారు ఏది?

కుర్రవాళ్ల నోటుపుస్తకముల అట్టలమీద ఉండేది స్పోర్ట్స్ కారు. నేలకు అంటుకొని ఉండే శరీరము, పొడవైన ముక్కు, ఇద్దరికి మాత్రమే చోటు. ఈ రూపము కేవలము అందము కొరకు వచ్చినది కాదు. గురుత్వ కేంద్రము ఎంత క్రిందికి ఉంటే మలుపులో బండి అంత తక్కువగా ఒరుగుతుంది. ముందుకు దూకేటపుడు బరువు వెనుక చక్రములమీదికి జరుగుతుంది గనుక, యంత్రపు శక్తిని ఆ చక్రములకే అందిస్తే పట్టు పెరుగుతుంది. స్పోర్ట్స్ కారును నిర్మించినవారు ఈ లెక్కలన్నీ చూచుకొన్నారు. అయితే వారి లెక్కలోని రోడ్డు వేరు. నేలనుండి జానెడైనా ఎత్తులేని ఆ కారు మన గ్రామముల స్పీడు బ్రేకర్ల దగ్గరనే ఆగిపోతుంది.

ఒకప్పటి స్పోర్ట్స్ కార్లకు మన ప్రక్క రాష్ట్రములో ఒక బంధువు ఉండెనని చాలమందికి తెలియదు. 1961 నుండి పది సంవత్సరములపాటు మద్రాసు సమీపమున వండలూరులో స్టాండర్డ్ కంపెనీవారు హెరాల్డ్ అనే చిన్న కుటుంబపు కారును తయారు చేశారు. ఆంధ్రదేశమున డాక్టర్లు, వకీళ్లు నడిపినది దానినే. ఇంగ్లాండులో ఆ హెరాల్డ్ చట్రమునే కొంత కురచ చేసి, దానిపై ఇద్దరు పట్టే శరీరము బిగించి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును విడుదల చేశారు. అంటే ఇంటి కారుకు, పందెపు కారుకు మధ్య గోడ మనము అనుకొన్నంత దళసరిది కాదు.

ఆ గోడను బద్దలు కొట్టినది మినీ. 1956 నాటి సూయజ్ సంక్షోభమువలన ఇంగ్లాండులో పెట్రోలుకు కరవు వచ్చినది. చిన్న కారు కావలసి వచ్చి, అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు మూడు మీటర్ల పొడవులో నలుగురు కూర్చొనే కారును రూపొందించాడు. అది 1959లో వెలువడినది. అతడు చేసిన యుక్తి ఇది: యంత్రమును నిలువుగా కాక అడ్డముగా పెట్టాడు, గేర్లపెట్టెను దాని అడుగుననే అమర్చాడు, శక్తిని ముందు చక్రములకే ఇచ్చాడు. దీనితో యంత్రము ఆక్రమించే చోటు తగ్గి, మిగిలినదంతా మనుష్యులకు, సామానుకు దక్కినది. చక్రములు నాలుగు మూలలకు జరిగినవి. యంత్రపు బరువు నడిపే చక్రములమీదనే పడుటచేత తడి రోడ్డుమీద, మంచుమీద పట్టు చిక్కినది. పొదుపు కొరకు చేసిన పని మలుపులలో చురుకును కూడ తెచ్చిపెట్టినది!

పందెపు కార్లు తయారుచేసే జాన్ కూపర్ దీనిని వెంటనే గుర్తించాడు. 1961లో వచ్చిన మినీ కూపర్ యంత్రము ఒక లీటరు కూడ లేదు. దాని శక్తి 55 అశ్వశక్తి. 1964లో మాంటికార్లో ర్యాలీలో ఈ జాతి కారు ఒకటి 4.7 లీటర్ల ఫోర్డ్ కారును రెండవ స్థానమునకు నెట్టి గెలిచినది. ఆనాటి మార్కుల పద్ధతి చిన్న యంత్రములకు కొంత అనుకూలముగా ఉన్నమాట నిజమే. అయినను కొండదారిలో, మంచులో బరువు తక్కువైన బండికి ఉండే లాభము అందులో స్పష్టముగా కనబడినది. 1965లో, 1967లో కూడ అదే గెలిచినది. 1966లో మొదటి మూడు స్థానములలో నిలిచిన మినీలను ముందు దీపముల బల్బులు నిబంధనకు సరిపోలేదని తొలగించారు. ఓడినవారికి ఇంతకన్న మంచి సాకు దొరకలేదేమో!

మినీకి వెనుక పైకి లేచే తలుపు లేదు. ఆ తలుపున్న హాచ్‌బ్యాక్ కారుకు పరుగు నేర్పినవారిలో ఇటలీవారు, ఫ్రెంచివారు ముందున్నా, పేరు మాత్రము జర్మనీ గోల్ఫ్ జి.టి.ఐ.కి దక్కినది. ఫోక్స్‌వాగన్ సంస్థలో కొందరు ఇంజనీర్లు పైవారి ఉత్తర్వు లేకుండానే దీనిని మొదలుపెట్టారు. 1975లో ప్రదర్శించి, 1976లో అమ్మకానికి పెట్టారు. అయిదువేల కార్లు అమ్ముడుపోతే చాలుననుకొన్నారు. మొదటి తరములోనే నాలుగున్నర లక్షలకు పైగా పోయినవి.

ఎందుకు పోయినవో కాగితముమీద లెక్క వేసి చూడవచ్చును. కారు చురుకు దాని శక్తిలో లేదు. శక్తిని బరువుచేత భాగించగా వచ్చే సంఖ్యలో ఉన్నది. న్యూటన్ రెండవ సూత్రము చదివిన విద్యార్థికి ఇది కొత్త కాదు. గోల్ఫ్ జి.టి.ఐ. బరువు సుమారు 810 కిలోగ్రాములు, శక్తి 110 అశ్వశక్తి. అనగా టన్నుకు 136. ఆ కాలపు ప్రసిద్ధ స్పోర్ట్స్ కారు ఎం.జి.బి.కి 95 అశ్వశక్తి, బరువు సుమారు 920 కిలోగ్రాములు. అనగా టన్నుకు 103. ఇంటిల్లిపాదిని, బియ్యపు బస్తాను మోయగల కారు ఇద్దరి కారును మించిపోయినది. 1980ల దశకములో ఇటువంటి కార్లకు హాట్ హాచ్ అను పేరు స్థిరపడినది.

మన దేశములో ఈ రుచి చూపినది మారుతి 800. 1983 డిసెంబరులో అది వచ్చునప్పటికి మన రోడ్లమీద ఫియట్, అంబాసిడర్లదే రాజ్యము. ఫియట్ శక్తి సుమారు 40 అశ్వశక్తి, బరువు దాదాపు 900 కిలోగ్రాములు. మారుతి శక్తి ఇంచుమించు అంతే, కాని బరువు 650 కిలోగ్రాముల ప్రాంతము. ఆ 250 కిలోగ్రాముల తేడాయే దాని చురుకు. అంతకు ముందు ఔత్సాహికులు ఫియట్, హెరాల్డ్‌లకే మెరుగులు దిద్ది షోలవరంలో పందెములు వేసేవారు. షోలవరమంటే మద్రాసుకు ఉత్తరమున రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానముల దారి. నల్లజర్ల ప్రక్కగా పోయే ఈ కలకత్తా రహదారి చెంతనే ఉన్నది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో పందెపు బాట ఏర్పడే వరకు దక్షిణదేశపు కారు పందెములకు అదే కేంద్రము.

తరువాతి కథను ఇంజనీర్లతోపాటు పన్నుల శాఖ కూడ వ్రాసినది. 2006 బడ్జెటులో నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 ఘనసెంటీమీటర్లకు మించని పెట్రోలు యంత్రము ఉన్న కార్లకు ఎక్సైజు సుంకము 24 శాతమునుండి 16 శాతమునకు తగ్గించారు. 2025 సెప్టెంబరులో మారిన జి.ఎస్.టి. కూడ అటువంటి కార్లకు 18, పెద్దవాటికి 40 శాతముగా నిర్ణయించినది. 2016లో వచ్చిన పోలో జి.టి.ఐ. పొడవులో చిన్నదే, కాని 1.8 లీటర్ల యంత్రముతో, 192 అశ్వశక్తితో దిగుమతి అయినది, ధర కొండెక్కినది. మన దేశపు కొలతలో ఇమడాలంటే యంత్రమును పెంచకుండా శక్తిని పెంచాలి. అందుకు సాధనము టర్బో. యంత్రమునుండి వెలువడే పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పుతుంది. అదే ఇరుసుమీది మరొక చక్రము గాలిని కుదించి సిలిండరులోనికి నెట్టుతుంది. గాలి ఎక్కువైతే అందులో ఎక్కువ పెట్రోలును మండించవచ్చును. 2021లో వచ్చిన ఐ20 ఎన్ లైన్ కారు ఒక లీటరు యంత్రమునుండి 120 అశ్వశక్తి తీసినది ఈ విధముగానే. 2024 నాటి టాటా ఆల్ట్రోజ్ రేసర్ శక్తి కూడ అంతే.

స్పోర్ట్స్ కారుకు అన్యాయము చేయరాదు. ముందు చక్రములే తిప్పవలె, మళ్లవలె, లాగవలె. శక్తి మరీ పెరిగితే ఒక్క జత టైర్లు ఈ మూడు పనులు చేయలేక జారుతాయి. అప్పుడు వెనుక చక్రముల బండిదే పైచేయి. అయితే ఆ శక్తిని తాడేపల్లిగూడెం కాలువ గట్టున ఎక్కడ ఖర్చుపెట్టుట? అరవై కిలోమీటర్ల వేగములో మలుపు తిరుగుతూ, మూడవ గేరునుండి రెండవ గేరుకు మారుస్తూ పొందే ఆనందమును చిన్న కారే ఇస్తుంది. స్పోర్ట్స్ కారు ఆ వేగములో నిద్రపోతూ ఉంటుంది. నా మట్టుకు చిన్న కారు గొప్ప అంతా ఇక్కడే ఉన్నదనిపిస్తుంది.

ప్రమాదము కూడ ఇక్కడే పొంచి ఉన్నది. అదే కారు నల్లజర్ల దగ్గర రహదారి ఎక్కితే 120ను సులభముగా అందుకొంటుంది. పొడి రోడ్డుమీద ఘర్షణ గుణకము 0.7 అనుకొంటే, 60 కిలోమీటర్ల వేగములో బ్రేకు పట్టిన కారు సుమారు 20 మీటర్లలో నిలుస్తుంది. వేగము రెట్టింపైతే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. 81 మీటర్లు కావలెను. డ్రైవరు బ్రేకుమీద కాలు వేయుటకు పట్టే ఒక్క సెకనులో గడిచే 33 మీటర్లను దీనికి చేర్చవలెను. సూత్రములో బరువు కొట్టివేయబడుతుంది గనుక చిన్న కారుకు ఇందులో రాయితీ లేదు. ఇక చేపల లారీనుండి కారిన ఐసు నీరో, రోడ్డుమీద ఆరబోసిన ధాన్యమో ఉంటే 0.7 అనే అంకెయే నిలువదు.

తరగతిలో దీనిని లెక్కగా ఇవ్వవచ్చును. ప్రతి కారు రిజిస్ట్రేషన్ పత్రములోను ఖాళీ బండి బరువు ఉంటుంది. యంత్రపు శక్తి కంపెనీ పుస్తకములో దొరుకుతుంది. ఊరిలోని నాలుగయిదు కార్లకు టన్నుకు ఎన్ని అశ్వశక్తులో విద్యార్థులు కట్టి చూడవలె. తరువాత ఒక్కొక్క కారులో అయిదుగురు మనుష్యులను, రెండు ధాన్యపు బస్తాలను ఎక్కించి, అదే లెక్కను మళ్లీ కట్టవలె.