సర్కారు వకీలు

సంగారెడ్డి కోర్టు దగ్గర పెద్దవాళ్ల నోట పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఇప్పటికీ ‘సర్కారు వకీలే’. కుర్రకారుకు ‘పీపీ సారు’. నిజాం ఏలుబడిలో కోర్టుల్లో ఉర్దూ నడిచిన రోజుల నుంచి పాతుకుపోయిన మాట ‘సర్కారు వకీలు’. వకీలు అరబీ నుంచి వచ్చింది: మనం పని అప్పగించిన మనిషి అని అర్థం. ఆ అప్పగింత కాగితమే వకాలత్‌నామా.

అయితే సర్కారు వకీలుకు ఆ కాగితమే అక్కర్లేదు. పాశమైలారంలోనో బొల్లారంలోనో రియాక్టర్ పేలి ఒడిశా కార్మికుడు చనిపోయాడనుకోండి. పోలీసులు ఛార్జిషీటు వేశాక, అతని భార్య పైసా కట్టకపోయినా, ఎక్కడా సంతకం పెట్టకపోయినా కేసు నడపాల్సింది సర్కారు వకీలే. ఆమె సొంత వకీలును పెట్టుకోవచ్చు గానీ ఆయన పీపీ చెప్పినట్టే నడుచుకోవాలి. అందుకే తెలుగు రాని ఆమెకు వాయిదా తేదీ, సాక్ష్యం సంగతి విడమరిచి చెప్పడం కూడా పీపీ పనిలో భాగమేనని నా గట్టి నమ్మకం.

మేజిస్ట్రేటు కోర్టులో కేసు నడిపేది ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్), సెషన్స్ కోర్టులో పీపీ. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, పదేళ్లు, ఆపైన శిక్ష పడే కేసులపై ప్రాసిక్యూషన్ డైరెక్టర్ కన్నేసి ఉంచాలి.

‘సర్కారు’ అన్నంత మాత్రాన ఈయన పోలీసుల వకీలు కాదు. ప్రాసిక్యూషన్ వేధింపు కాకూడదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1959లోనే చెప్పింది. నిందితుడికి మేలు చేసే సాక్ష్యాన్నీ దాచకూడదు. కేసు ఎత్తేయమని పైనుంచి మాట వచ్చినా, తాను ఆలోచించి, కోర్టు అనుమతి అడగాల్సిందే.