ఫ్లెక్స్‌క్యాన్ పట్టిక: కారు చిప్‌లకు లినక్స్‌లో చోటు దొరికిన తీరు

కార్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు పెరుగుతున్న కొద్దీ ఒక్కొక్క దానిని మరొక దానితో విడిగా తీగ లాగి కలపవలసి రావడం, దానివల్ల బరువూ ఖర్చూ మరమ్మతు కష్టమూ పెరగడం 1980ల తొలి ఏళ్లకే వాహన పరిశ్రమకు పెద్ద బెడదగా మారింది. దీనికి పరిష్కారంగా జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో పని మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జరిగిన వాహన ఇంజనీర్ల మహాసభలో కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్ అనే పద్ధతిని ప్రకటించింది. క్యాన్ అన్నది దాని పొట్టి పేరు. ఇందులో పరికరాలన్నీ ఒకే జత తీగల మీద మాట్లాడుకుంటాయి. ప్రతి సందేశం ముందు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెండు పరికరాలు ఒకేసారి సందేశం పంపబోతే చిన్న సంఖ్య గల సందేశం ఏ నష్టమూ లేకుండా ముందుకు సాగిపోతుంది, రెండోది ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక్కో సందేశంలో పట్టేది ఎనిమిది బైట్ల సమాచారమే అయినా, బ్రేకులకూ ఇంజనుకూ కావలసింది పరిమాణం కన్నా వేళకు అందడం కనుక ఆ ఎనిమిది బైట్లు చాలా కాలం సరిపోయాయి. 1987లో ఇంటెల్, ఫిలిప్స్ సంస్థల క్యాన్ చిప్‌లు వచ్చాయి. 1993లో ఇది ఐఎస్ఓ 11898 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది.

మొదట విడి చిప్‌గా ఉన్న క్యాన్ కంట్రోలర్, అంటే తీగ మీది సందేశాలను పంపే, అందుకునే సర్క్యూట్, తరువాతి కాలంలో ప్రాసెసర్ ఉన్న చిప్‌లోనే ఒక భాగంగా కలిసిపోయింది. అలా కలిసిపోయిన వాటిలో ఫ్లెక్స్‌క్యాన్ ఒకటి. ఇది మోటరోలా సెమీకండక్టర్ విభాగంలో పుట్టి, ఆ విభాగం 2004లో ఫ్రీస్కేల్‌గా విడిపోయినప్పుడు దానితో వెళ్లి, 2015లో ఫ్రీస్కేల్ ఎన్ఎక్స్‌పీ సంస్థలో విలీనమైనప్పుడు అక్కడికి చేరింది. యజమానులు మారినా పేరు మారలేదు. అయితే పేరు ఒకటే అయినంత మాత్రాన ప్రతి చిప్‌లోని సర్క్యూట్ ఒకటే అనుకోవడానికి వీల్లేదు. ఈ వ్యాసానికి మూలం ఆ తేడాలే.

లినక్స్ వైపు నుంచి చూస్తే, కెర్నెల్ అంటే ప్రాసెసర్‌నూ జ్ఞాపకశక్తినీ పరికరాలనూ ప్రోగ్రాములకు పంచిపెట్టే మూల సాఫ్ట్‌వేర్. డ్రైవర్ అంటే ఒక ప్రత్యేక పరికరంతో ఎలా వ్యవహరించాలో ఆ కెర్నెల్‌కు తెలిపే భాగం. చాలా కాలం వరకు క్యాన్ కార్డులు అమ్మే ప్రతి సంస్థా తనదైన డ్రైవర్‌ను తన పద్ధతిలో రాసి ఇచ్చేది కనుక, ఒక సంస్థ కార్డు కోసం రాసిన ప్రోగ్రాము మరో సంస్థ కార్డు మీద పనిచేసేది కాదు. ఫోక్స్‌వాగన్ పరిశోధన విభాగంలో రూపుదిద్దుకున్న సాకెట్‌క్యాన్ ఈ పరిస్థితిని మార్చింది: ఇంటర్నెట్ సందేశాలకు లినక్స్ ఇచ్చే మార్గాన్నే క్యాన్ సందేశాలకూ ఇచ్చి, క్యాన్ కంట్రోలర్‌ను ఒక నెట్‌వర్క్ కార్డుగా చూపించింది. 2008 ఏప్రిల్‌లో వెలువడిన 2.6.25 కెర్నెల్‌లో ఇది చేరింది. అప్పటికి దానితో వచ్చినది నియమావళి, పరీక్షల కోసం ఒక ఊహా పరికరం మాత్రమే. నిజమైన చిప్‌ల డ్రైవర్లు మరుసటి ఏడాది నుంచి ఒక్కొక్కటిగా వచ్చాయి. ఫ్లెక్స్‌క్యాన్ డ్రైవర్ 2010లో 2.6.36 కెర్నెల్‌లో చోటు సంపాదించింది.

ఆ డ్రైవర్ కోడ్ తెరిస్తే, వ్యాఖ్య రూపంలో, ఒక పట్టిక కనిపిస్తుంది. వరుసల్లో చిప్‌ల పేర్లు: ఐ.ఎంఎక్స్25, ఐ.ఎంఎక్స్28, ఐ.ఎంఎక్స్35, ఐ.ఎంఎక్స్53, ఐ.ఎంఎక్స్6, వీఎఫ్610, ఎల్ఎస్1021ఏ వంటివి. నిలువు గడుల్లో ప్రశ్నలు: హెచ్చరిక ఇంటరప్ట్ తీగ కలిపి ఉందా, జ్ఞాపకశక్తిలోని తప్పులను కనిపెట్టే ఏర్పాటు ఉందా, మెయిల్‌బాక్సులు ఎన్ని, క్యాన్ ఎఫ్‌డీ తెలుసా. ఇంటరప్ట్ అంటే చేస్తున్న పని ఆపి తన వైపు చూడమని పరికరం ప్రాసెసర్‌కు పంపే సంకేతం. మెయిల్‌బాక్సు అంటే కంట్రోలర్ లోపల ఒక్కో సందేశాన్ని ఉంచే గడి. క్యాన్ ఎఫ్‌డీ అంటే ఒక్కో సందేశంలో 64 బైట్ల వరకు పట్టేలా బాష్ 2012లో విడుదల చేసిన కొత్త రూపం. గడుల్లో ఎక్కువ భాగం అవును, కాదు అన్న సమాధానాలే ఉంటాయి గాని, ఒక్కొక్క సమాధానం వెనుక ఒక ఇంజనీరు బోర్డు ముందు కూర్చుని పడిన శ్రమ ఉంది.

హెచ్చరిక తీగ సంగతే చూడవచ్చు. తీగ మీద తప్పులు జరిగినకొద్దీ క్యాన్ కంట్రోలర్ వాటిని లెక్కపెడుతుంది. లెక్క 96కు చేరితే హెచ్చరిక స్థితి, 128కి చేరితే మరింత తీవ్ర స్థితి, పంపడంలో జరిగిన తప్పుల లెక్క 255 దాటితే కంట్రోలర్ తనంతట తానే తీగ నుంచి తప్పుకుంటుంది. కొన్ని చిప్‌లలో హెచ్చరిక స్థితిని తెలిపే ఇంటరప్ట్ ప్రాసెసర్ దాకా చేరదు. అటువంటి చిప్ మీద డ్రైవర్ ప్రతి తప్పుకూ ఇంటరప్ట్ అందుకుని, లెక్కను తానే చూసుకోవలసి వస్తుంది. ఇటువంటి తేడాలను డ్రైవర్‌లో క్విర్క్ అంటారు. ఒక్కో చిప్ పేరు ఎదుట దానికి వర్తించే క్విర్కులు రాసి ఉంటాయి. కెర్నెల్‌కు బోర్డు అమరికను వివరించే డివైస్ ట్రీ అనే ఫైలు చిప్ పేరు చెబితే, డ్రైవర్ ఆ వరుసను వెతికి తగినట్టు నడుచుకుంటుంది.

అందుకోవడంలో వచ్చిన మార్పు మరింత ఆసక్తికరమైనది. మొదట డ్రైవర్ కంట్రోలర్‌లోని ఆరు సందేశాలు పట్టే వరుసనే వాడింది. తీగ నిండుగా నడుస్తూ ప్రాసెసర్ వేరే పనిలో ఉంటే ఆరు గడులూ ఇట్టే నిండి, ఏడో సందేశం పోయేది. 2017లో వచ్చిన మార్పుతో, వీలున్న చిప్‌లలో ఆ వరుసను వదిలి విడి మెయిల్‌బాక్సుల్లోకి సందేశాలను అందుకుని, కంట్రోలర్ వాటి మీద వేసిన కాల ముద్రల ప్రకారం సాఫ్ట్‌వేరే వాటిని వరుసలో పెట్టసాగింది. పాత చిప్‌లకు ఈ మేలు అందలేదు, ఎందుకంటే సమాచారం పంపమని అడిగే ఒక రకం సందేశాన్ని అవి మెయిల్‌బాక్సులోకి తీసుకోలేవు. పట్టికలో ఆ సంగతికీ ఒక నిలువు గడి ఉంది. పాతవాటి కోసం పాత పద్ధతిని అలాగే ఉంచారు. నిన్నటి వరకు పనిచేసినది కొత్త మార్పు వల్ల చెడిపోకూడదన్నది లినక్స్‌లో గట్టి నియమం. పదిహేనేళ్లు రోడ్డు మీద తిరిగే వాహనానికి ఇంతకన్నా విలువైన నియమం లేదు.

వీఎఫ్610 చేరిక 2014 నాటిది. ఆ చిప్‌లో జ్ఞాపకశక్తి తప్పులను కనిపెట్టే ఏర్పాటు ఉండగా, ముందుగా ఏమీ రాయని గడిని చదివితే దానిని తప్పుగా లెక్కించి కంట్రోలర్ స్తంభించిపోయేది. అప్పటికి ఆ ఏర్పాటును ఆపివేసి పని జరిపించారు. కొన్నేళ్ల తరువాత, ఇటువంటి ఏర్పాటు ఉన్న ఇతర చిప్‌ల కోసం, మొదలుపెట్టే ముందే జ్ఞాపకశక్తి అంతటినీ సున్నాలతో నింపే కోడ్ వచ్చింది. 2021లో కోల్డ్‌ఫైర్ కుటుంబానికి చెందిన ఎంసీఎఫ్5441ఎక్స్ అనే పాత చిప్ కోసం ఒకటికి బదులు మూడు ఇంటరప్ట్ తీగలను అందుకునే క్విర్క్ చేర్చారు. మార్కెట్‌లో వెలుగు తగ్గిన చిప్ కోసం ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న అప్పుడు సహజమే.

దానికి జవాబు ఎస్32జీ2 రూపంలో దొరికింది. కారులోని వేర్వేరు నెట్‌వర్కులను కలిపే గేట్‌వేగా ఎన్ఎక్స్‌పీ రూపొందించిన ఈ ప్రాసెసర్‌లో ఫ్లెక్స్‌క్యాన్‌కు నాలుగు ఇంటరప్ట్ తీగలు ఉన్నాయి: స్థితి మార్పుకు ఒకటి, తీగ మీది తప్పులకు ఒకటి, 0 నుంచి 7 వరకు మెయిల్‌బాక్సులకు ఒకటి, 8 నుంచి 127 వరకు వాటికి మరొకటి. దీనిని డ్రైవర్‌లో చేర్చినప్పుడు ఇంజనీర్లు కోల్డ్‌ఫైర్ కోసం రాసిన మూడు తీగల క్విర్క్‌నే తీసుకుని, రెండో మెయిల్‌బాక్సు తీగ కోసం ఒక్క చిన్న క్విర్క్ మాత్రం కొత్తగా కలిపారు. జ్ఞాపకశక్తిని సున్నాలతో నింపే కోడూ సిద్ధంగానే ఉంది. ప్రతి సంస్థా తన డ్రైవర్‌ను తన దగ్గరే దాచుకున్న పాత రోజుల్లో ఇది జరిగేది కాదు, ఎందుకంటే కోల్డ్‌ఫైర్ మీద పనిచేసినవారి రాత ఎస్32జీ2 మీద పనిచేసేవారి కంటపడే దారే ఉండేది కాదు.

అందువల్ల ఉమ్మడి డ్రైవర్ అసలు విలువ ఖర్చు తగ్గడంలో కన్నా, చిప్ తయారీదారు ఒప్పుకోవడానికి ఇష్టపడని లోపాలు సైతం అందరూ చదవగల చోట నమోదు కావడంలో ఉందనడం సమంజసం. అయితే ఆ నమోదు ఇంకా పూర్తి కాలేదు. పట్టికలో వీఎఫ్610, ఎంసీఎఫ్5441ఎక్స్ వరుసల్లో సర్క్యూట్ వెర్షన్ ఉండవలసిన చోట ప్రశ్నార్థకమే ఉంది. ఆ గడులను నింపగలిగినవారు ఆ చిప్‌లను తయారుచేసినవారే. ఆ పని వారు చేయాలి.