కొమ్మయెండునకు కత్తివైద్యము

సాదలి మొదలు చింతామణి, బాగేపల్లి సీమల వరకు గల నేల పూర్వము మైసూరు సంస్థానమున కోలారు జిల్లాలో చేరియుండి, 2007లో చిక్కబళ్ళాపురము జిల్లాగా వేరుపడినది. రాజభాష కన్నడమైనను ఇచ్చటి పెక్కు పల్లెలలో ఇంటిమాట తెలుగే. జీవనది లేని ఈ మెట్టసీమలో వానను, చెరువును నమ్ముకొని బ్రదుకు మామిడిచెట్టు నీరందక డస్సిననాడు దానికి దాపురించు వ్యాధి కొమ్మయెండు. ఎండు కొననుండి క్రిందికి దిగును. ఆకులు గోధుమవన్నెకు తిరిగి, అంచులు పైకి ముడుచుకొని, రాలక కొమ్మనే పట్టుకొని వ్రేలాడును. బెరడు చీలినచోట బంక కారును. అట్టి కొమ్మను నిలువున చీల్చి చూచినచో, పైకి పచ్చగా నున్న భాగమున సైతము లోని కర్రలో గోధుమవన్నె చారలు కనబడును.

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున శాఖాశోషమును, రసస్రావమును రోగలక్షణములుగా గణించి, శీతవాతాతపములు వానికి కారణములనియు, మొదట శస్త్రముతో శోధించి పిమ్మట వాయువిడంగములు, నేయి, బురద కలిపి పూసి పాలనీరు పోయవలెననియు విధించెను. శిలీంధ్రమన్న ఊహయే లేని కాలమున మందునకు ముందు కత్తిని నిలిపిన ఆ వివేకము నాకు మిక్కిలి పూజ్యము. ఎండను నిందించుటలోను ఆయన పూర్తిగా పొరబడలేదు. ఈ కొమ్మయెండునకు మూలమైన లాసియోడిప్లోడియా యను శిలీంధ్రము నీరసించిన చెట్టుననే గాయముల ద్వారా సులభముగా చొచ్చును.

లేపనము మారుటకు చాలకాలము పట్టినది. 1882లో ఫ్రాన్సుదేశపు మెడాక్ సీమలో, దొంగలు ద్రాక్షపండ్లు కోయకుండుటకై బాటప్రక్క తీగెలపై మైలుతుత్తము, సున్నము చల్లగా, ఆ తీగెలు బూజుతెగులునకు లొంగకుండుట గమనించిన మిలార్డే పండితుడు 1885లో బోర్డో మిశ్రమమును లోకమునకు ప్రకటించెను. 1908లో మైసూరునకు వచ్చిన కెనడా శాస్త్రజ్ఞుడు లెస్లీ కోల్మన్ దానిని మలెనాటి వక్కతోటల కొళెరోగమను కాయకుళ్ళుపై ప్రయోగించి రైతులకు నేర్పెను.

మామిడికొమ్మకు నేడు పూయునది అదే మందు, చిక్కని ముద్దగా: పది లీటర్ల నీటికి మైలుతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో. రెంటిని వేరువేరుగా, ఇనుము కాని పాత్రలలో కరిగించి కలుపవలెను. మెరుగుపెట్టిన కత్తిమొనను అందులో ముంచి తీసినపుడు రాగిచాయ పట్టెనా, సున్నము చాలలేదన్నమాట. చార ఆగినచోటికి మూడంగుళములు దిగువన, పచ్చికర్రలో కోసి, ఆ గాయమునకు వెంటనే పూయవలెను. ఇంత శ్రద్ధగా చేసియు రైతులు, కోసిన కొమ్మలు పొయ్యికి పనికివచ్చునని తోటగట్టుననే పేర్చుట నన్ను బాధించును. ఆ ఎండుపుల్లలపై నిలిచిన శిలీంధ్రబీజములు వానతో మరల చెట్టునకే చేరును గనుక వానిని కోసిననాడే కాల్చివేయవలెను.