నిద్రలో ఆగిన ఊపిరి



గురకపెట్టి నిద్రించువానిని జూచి ఎంత సుఖనిద్రయో యనుకొనుట మన వాడుక. పగలు తూగువానిని కుంభకర్ణుడని పరిహసించుటయు మన వాడుకయే. ఈ రెండు తలపుల చాటున ఒక వ్యాధి ఎంతకాలము దాగియుండెనో, తుదకు దానికి గాలియే మందుగా ఎట్లు దొరకెనో, ఆ చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని.

మా పెదతండ్రిగారు వీథి అరుగుమీద పరుండెడివారు. వారి గురక నాలుగిండ్ల యవతలికి వినవచ్చెడిది. ఉన్నట్టుండి అది ఆగిపోయెడిది. పిల్లలము మేము వ్రేళ్లు మడచుచు లెక్కించెడివారము. ఇరువది దాటిన పిమ్మట పెద్ద చప్పుడుతో ఊపిరి మరలివచ్చెడిది. మేము పకపక నవ్వెడివారము. పగలు నలుగురిలో మాటాడుచు నడుమనే వారు కునుకు తీసెడివారు. ఊరివారు సోమరియనిరి. ఒకనాటి వేకువను వారు నిద్రనుండి లేవలేదు. దానికి కారణమిదియేయని నేను చెప్పజాలను. కాని మేము నవ్వుచు లెక్కించినదానినే వైద్యులును లెక్కింతురని పెద్దవాడనైన తరువాత తెలిసికొంటిని. ఊపిరి 10 సెకనులైనను నిలిచినచో దానిని వారు లెక్కలోనికి గొందురు. అట్లు నిలుచుటలును, మిక్కిలి సన్నగిలుటలును కలిసి గంటకు 30 అయినచో వ్యాధి తీవ్రమైనదందురు.

ఇట్లేల జరుగును? మెలకువలో గొంతు కండరములు బిగువుగానుండి గాలిదారిని తెరచియుంచును. నిద్రలో అవి సడలును. దారి ఇరుకైనవారికి నాలుక వెనుకకు జారి, తడిసిన సంచి మూతివలె గొంతు అతుకుకొనును. రొమ్ము గాలికై పెనగులాడును, గాలి రాదు. రక్తములో ప్రాణవాయువు తగ్గగా మెదడు ఉలికిపడి, నిద్రను చెరచి, గొంతును తెరపించును. రాత్రియంతయు ఇదే పోరాటము. తెల్లవారిన పిమ్మట రోగికి ఏమియు జ్ఞాపకముండదు, అలసటమాత్రము మిగులును.

ఆంగ్ల రచయిత చార్లెస్ డికెన్సు 1836-37 సంవత్సరములలో వెలువరించిన పిక్విక్ కథలో జో యను స్థూలకాయుడైన కుఱ్ఱవాడు నిలుచుండియే నిద్రపోవును. చదువరులు నవ్విరి. 1956లో అమెరికా వైద్యులు కొందరు అట్టి రోగి నొకనిని వర్ణించుచు ఆ కథపేరే వ్యాధికి పెట్టిరి. ఆ రోగి పేకాటలో గెలుపుముక్కలు చేతికి వచ్చియు, ఆడకమునుపే నిద్రపోయి ఆట పోగొట్టుకొనెనట! అయినను ఆ వైద్యులు దోషమును స్థూలకాయమున వెదకిరిగాని నిద్రలోని గొంతును చూడలేదు. 1965లో ఫ్రాన్సులోను జర్మనీలోను వేర్వేరుగా వైద్యులు రోగులను యంత్రములతో రాత్రియంతయు పరీక్షించి, ఊపిరి మాటిమాటికి ఆగుచున్నదని కనిపెట్టిరి. 

వ్యాధి తెలిసెను, చికిత్సయో కఠినము. గొంతు క్రింద రంధ్రముచేసి గొట్టము నమర్చెడివారు. గాలి ఆ దారిని పోవుటచే రోగి సుఖముగా నిద్రించెడివాడు. కాని గొట్టమును నిత్యము శుభ్రపరుపవలెను, నీట మునిగి స్నానము చేయరాదు, మాటకును ఇబ్బందియే. ప్రాణము నిలిచినను బ్రదుకు బరువయ్యెడిది.

1980 జూనులో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఒక రోగి ఈ శస్త్రచికిత్సకు సమ్మతింపక, వేరొక ఉపాయము లేదాయని యడిగెను. కోలిన్ సల్లివన్ అను వైద్యుడు అంతకుమునుపు కెనడాలో కుక్కల నిద్రాశ్వాసములను పరిశోధించి వచ్చినవాడు. నెలలు నిండని శిశువుల ఊపిరితిత్తులను గాలి ఒత్తిడితో తెరచియుంచవచ్చునని 1971లోనే అమెరికాలో నిరూపింపబడెను. మూసికొను గొంతును సైతము గాలితోనే ఏల నిలుపరాదని సల్లివన్ తలపోసెను. దుమ్మును పీల్చు యంత్రపు మోటారును గాలి ఊదునట్లమర్చి, గొట్టమును రోగి ముక్కునకు తగిలించెను. ఒత్తిడి పెంచగా గురక ఆగెను, ఊపిరి సాగెను. తగ్గింపగా గొంతు మరల మూసికొనెను. ఆ రాత్రి ఆ మనుజుడు గాఢముగా నిద్రించి, తెల్లవారి తేటయైన మనస్సుతో లేచెను. 1981 ఏప్రిలులో లాన్సెట్ అను వైద్యపత్రికయందు అయిదుగురు రోగుల వృత్తాంతము వెలువడెను. వారికి కావలసివచ్చిన ఒత్తిడి నీటిని 4.5 మొదలు 10 సెంటీమీటర్ల యెత్తునకు నిలుపునంతటిదే. ఇంత స్వల్పమైన ఊతతో కత్తి తప్పెను!

ఈ యంత్రము ఊదునది వేరు ప్రాణవాయువు కాదు, గదిలోని గాలియే. పందిరికి గుంజవలె అది గొంతును నిలిపియుంచును. తొలి యంత్రములు బరువైనవి, మిక్కిలి రొదచేయునవి. ముక్కుతొడుగును ఒక్కొక్కరి ముక్కు అచ్చుతీసి చేసి, ప్రతిరాత్రియు జిగురుతో అతికించుకొనవలసియుండెను. నేడవి తలగడచెంత నిమిడి, మెల్లగా పనిచేయును.

అయినను అతిశయోక్తి తగదు. గుంజ తీసిన పందిరి క్రుంగును. యంత్రము మానిన రాత్రి వ్యాధి మరలివచ్చును. ముక్కు ఎండుట, తొడుగు ఒరయుట మున్నగు బాధలకోర్వలేక మానివేయువారు పెక్కురు. గుండెజబ్బో మెదడు రక్తనాళముల జబ్బో కలిగియున్న 2717 మందిని వైద్యులు పరిశోధించి 2016లో ప్రకటించిన ఫలితమును గూడ చెప్పవలెను. యంత్రమును వాడినవారికి పగటి తూగు తగ్గెను, మనస్సు కుదుటబడెను. గుండెపోటులు, పక్షవాతములు మాత్రము తగ్గలేదు. వారు సగటున రాత్రికి 3.3 గంటలే దానిని ధరించిరి. కావున అది సర్వరోగనివారిణి కాదు. చెడిన నిద్రను బాగుచేయు సాధనము. స్థూలకాయులు బరువు తగ్గుటయు, రాత్రి మద్యము మానుటయు, కొందరికి ప్రక్కకు తిరిగి పరుండుటయు మేలుచేయును. సన్ననివారికిని స్త్రీలకును గూడ ఈ వ్యాధి కలుగును.

రోగి తన వ్యాధిని తాను వినజాలడు, ప్రక్కనున్నవారే వినవలెను. మీ యింట ఎవరి గురకయైనను నడుమ ఆగి, ఉక్కిరిబిక్కిరియై మరలివచ్చుచున్నచో, పిల్లలము మేము చేసినట్లు నవ్వకుడు. లెక్కించుడు, ఆ లెక్కను వైద్యునికి చెప్పుడు. మా పెదతండ్రిగారి కాలమున ఆ లెక్క నాలకించువారు మా యూర లేకపోయిరి. నేడు కలరు.