వినుకొండ నుంచి అమరావతికి ఒక్క రోజు

పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగలిగే కృష్ణ ఒడ్డు క్షేత్రం ఏదంటే మా వినుకొండ వాళ్ళు చెప్పేది అమరావతే. శ్రీశైలం మరీ దూరమేం కాదు గానీ, ఘాట్ రోడ్డూ దర్శనం క్యూలూ కలిపితే ఒక రాత్రి అక్కడ ఉండాల్సిందే. పండక్కి ఊరొచ్చిన సాఫ్టువేరు జనాలకి అంత లీవు ఎక్కడిది? అందుకే అందరి ప్లానూ ఒకటే. నరసరావుపేట, సత్తెనపల్లి మీదుగా వంద కిలోమీటర్ల లోపు ప్రయాణం, నదిలో స్నానం, అమరేశ్వరుడి దర్శనం, భోజనం, తిరుగు ప్రయాణం.

ఈ ప్లానుతో నాకు ఒక్కటే పేచీ. ఇలా వెళ్తే ఆ ఊళ్ళో సగమే చూసొస్తాం. మిగతా సగానికి ఇంకో రెండు గంటలు చాలు.

ముందు గుడి సంగతి. పంచారామాల్లో అమరారామం ఇదే. లింగం ఎంత ఎత్తంటే, పూజారులు పై అంతస్తులో నిలబడి అభిషేకం చేస్తారు. ఇది అందరూ చూసేదే. ఇదే గుళ్ళో ఒక స్తంభం మీద 1182 నాటి శాసనం కూడా ఉంది. ధరణికోటని ఏలిన కోట కేతరాజుది. అమరేశ్వరుణ్ణి కొలుస్తూనే ఆయన అదే ఊళ్ళో ఉన్న బుద్ధుడికీ దీపాలు పెట్టించాడు, గ్రామాలు రాసిచ్చాడు. అంటే ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో రెండు చోట్లా దీపం వెలిగేదన్నమాట.

ఆ రెండో చోటు మహాచైత్యం. మన కాలానికి అది ఒక మట్టిదిబ్బగా మిగిలింది. పేరు దీపాలదిన్నె. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి మకాం మార్చి ఇక్కడ కొత్త ఊరు కట్టిస్తుంటే, ఇటుకల కోసం, రాళ్ళ కోసం ఆ దిబ్బని తవ్వారు. శిల్పాలు బయటపడ్డాయి. 1797లో వచ్చి చూసిన కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు కోసం తవ్విన గొయ్యి ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ మరిన్ని రాళ్ళు తీయించి మద్రాసు పంపాడు. వాటిలో చాలా 1859లో లండన్ ఓడెక్కాయి. ఇప్పుడు కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని అమరావతి మ్యూజియంలో ఉన్నాయి. అన్నీ మన పల్నాటి సున్నపురాయే.

ఆ శిల్పాల అందం గురించి చాలామంది రాశారు. నా మటుకు నాకు అంతకంటే ముఖ్యం, రాళ్ళ మీద చెక్కిన దాతల పేర్లు. అందులో వర్తకులున్నారు, గృహిణులున్నారు, భిక్షుణులున్నారు. క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటి ఒక పలక మీద ఉన్న పేరు విధికుడు. వృత్తి 'చమ్మకార', అంటే తోలుపని. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకునని చెప్పుకుని, తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక దానం ఇచ్చాడు.

వినుకొండ వాడెవడికైనా ఇక్కడ జాషువా గుర్తు రాకుండా ఉండడు. 1895లో మా ఊళ్ళో పుట్టిన ఆ కవి 1941లో 'గబ్బిలం' రాశాడు. అందులో చెప్పులు కుట్టి బతికే అరుంధతీసుతుడికి గుళ్ళోకి ప్రవేశం లేదు. గబ్బిలానికి మాత్రం అడ్డు లేదు. అందుకని తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్నే పంపిస్తాడు. ఒక రకంగా అది తను చేయలేని తీర్థయాత్రకి అతను వేసుకున్న ప్లాను. గుంటూరు జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. గుడి తలుపులు అందరికీ తెరవాలన్న చట్టం అక్కడ వచ్చింది 1947లో.

"విధికుడు ఇచ్చింది బౌద్ధ చైత్యానికి కదా, గుడికి కాదుగా" అని మీరు అడగొచ్చు. నిజమే. ఒక్క పలకని పట్టుకుని ఆ రోజుల్లో అందరూ సమానమే అని తేల్చేయడమూ కుదరదు. కానీ "ఇది అనాదిగా ఇలాగే ఉంది" అనే మాట ఉంది చూశారూ, అది మాత్రం ఈ రాయి ముందు నిలబడదు. తోలుపని చేసే మనిషి ఇంటిల్లిపాది తరఫున ఇచ్చిన దానం ఈ ఊళ్ళోనే ఒక పుణ్యస్థలంలో చేరింది, రాతితో సహా.

కాబట్టి నా ప్లాను ఇది. పెందలాడే స్నానం, మధ్యాహ్నం గుడి మూసేలోపు దర్శనం. భోజనం అయ్యాక చైత్యం, మ్యూజియం. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, మ్యూజియానికి సెలవు. పిల్లలుంటే శిల్పాలతో పాటు రాళ్ళ మీది అక్షరాలు కూడా చూపించండి, అవి వేయించింది రాజులొక్కరే కాదని చెప్పండి. కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో. ఆ జనంలో ఇవన్నీ నిదానంగా చూడటం అయ్యే పని కాదు, ఈలోపే వెళ్ళి రండి.