అంకె నాదమయ్యే చోట

సీడీ వచ్చిన తొలినాళ్ళలో దాన్ని గురించి ఊరూరా వినిపించిన మాట ఒకటే: ఇందులో ఉన్నవి అంకెలు, అంకెలు చెడవు, కనుక ధ్వనీ చెడదు. మొదటి రెండు మాటలూ చాలావరకు నిజమే. మూడవది మాత్రం తొందరపాటు. అంకెను చెవి వినలేదు. ఎక్కడో ఒకచోట అది విద్యుత్తుగా, ఆ విద్యుత్తు గాలి కదలికగా మారితీరాలి. ఆ మార్పులోని తుది అంచె చరిత్ర గురించీ, దానికి చేతిపని చేసినవారి గురించీ, ఈ కరవుసీమలో కూర్చుని నాకు తోచిన నాలుగు మాటలివి.

సోనీ వారి సీడీపీ-101 జపానులో 1982 అక్టోబరు 1న విడుదలైంది. సీడీ మీద ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఒకదానిగా నమోదు చేస్తారు. ఈ అంకెలను తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చేదే డిజిటల్-టు-ఎనలాగ్ కన్వర్టర్, పొట్టిపేరు డాక్. ఆ తొలి సోనీ యంత్రంలో కుడి ఎడమలకు కలిపి ఒకే డాక్ వంతులవారీగా పనిచేసేది. ఫిలిప్స్ వారు వేరే దారి పట్టారు. వారి టీడీఏ1540 చిప్ సామర్థ్యం 14 బిట్లే అయినా, దాన్ని నాలుగు రెట్ల వేగంతో నడిపి లోటు పూడ్చుకున్నారు. 1980ల మధ్యలో 16 బిట్ల టీడీఏ1541 వచ్చింది. దాన్ని నేటికీ వెతికి కొనే రసికులున్నారు.

ఈ చిప్ ఇచ్చేది వోల్టేజీ కాదు, కొద్ది మిల్లీయాంపుల కరెంటు. దాన్ని వోల్టేజీగా మార్చాలి. వినికిడికి పైనుండే అనవసరపు తరంగాలను వడపోయాలి. సంకేతంతో పాటు వచ్చే డీసీని కెపాసిటరుతో అడ్డుకోవాలి. తుది అంచె చేసే పనులు ఈ మూడే. కంపెనీలు సాధారణంగా ఎన్ఈ5532 వంటి ఆప్-ఆంప్ చిప్పులతో ఈ పని కానిచ్చేవి. అవి చవక, పైగా కొలతలకు బాగా నిలుస్తాయి.

అభిరుచి గలవారు చేయి పెట్టింది ఇక్కడే. కొందరు ఆప్-ఆంప్ తీసి మరొకటి గుచ్చారు. కొందరు అదీ వద్దని ఒక్క రెసిస్టరుతో సరిపెట్టారు. కొందరు ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు, మరికొందరు పాత రేడియో వాల్వులను తెచ్చి నిలిపారు. 1990ల చివర జపానులో రియోహెయ్ కుసునోకి అనే ఆయన, వేగం పెంచే డిజిటల్ ఫిల్టరునే తీసివేయమని వాదించారు. అలా చేస్తే 20 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వని 3 డెసిబెల్స్‌కు పైగా తగ్గుతుందని గణితం చెబుతుంది. విన్నవారు మాత్రం 'సహజంగా ఉంది' అన్నారు. ఆ సహజత్వంలో కొంత పాలు ఈ తగ్గుదలదేనని నా అనుమానం.

మా అనంతపురంలో ఈ చర్చకు మరో కోణముంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు లోపలుండేది ద్రవం. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వారి సామాన్య సూత్రం. మూసిన పెట్టెలో, ఎండకు కాగిన గదిలో అది చెరువులాగే ఎండిపోతుంది. అప్పుడు మందర స్వరాలు పలచబడతాయి, మృదంగంలో తొప్పి గుండెకు తగలదు. నా పాత ప్లేయరులో వాటిని మార్చినప్పుడు ఆ తొప్పి తిరిగి వచ్చింది. అయితే ఇది మరమ్మతు మాత్రమే. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలపడం మరమ్మతు; వాల్వు పెట్టి మాధుర్యం తేవడం రచన. రెండూ తప్పు కావు. రెండవదాన్ని మొదటిదని చెప్పుకోవడమే తప్పు.

ఈ భేదం తలచుకున్నప్పుడల్లా నాకు మా జిల్లావారే అయిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు (1893-1979) గుర్తుకొస్తారు. తిరుమల రాగిరేకుల మీద అన్నమాచార్యుల సంకీర్తనలు 12,000కు పైగా భద్రంగా మిగిలాయి. ప్రతి పాటకూ రాగం పేరుంది. స్వరం మాత్రం లేదు. అక్షరం చెడకుండా శతాబ్దాలు దాటి వచ్చింది, నాదం రాలేదు. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలం తెలుగు బోధించి తిరుపతి చేరిన శర్మగారు, వాటిలో నూటికి పైగా పాటలకు తాము స్వరరచన చేశారు. రాగిరేకుకూ మన చెవికీ నడుమ వారు నిలిచారు. వినిపించే ఆ వరుస పదకవితా పితామహుడిది కాదు, శర్మగారిది. అది స్వరపరచినవారి పేరుతోనే మనకు చేరింది గనుక ఇద్దరి గౌరవమూ నిలిచింది.

డాక్ తుది అంచెకూ ఇదే ధర్మం వర్తిస్తుందని నా అభిప్రాయం. అది ఎన్నడూ అద్దం కాదు; ఎవరో ఒకరి చేయి అందులో ఉంటుంది, కంపెనీ ఇంజనీరుదో, మనదో. పైగా అది తనకు చేరినదాన్నే పలికించగలదు. పాత గ్రామఫోను రికార్డును సీడీకి ఎక్కించేటప్పుడు గీతల రొదతో పాటు గాయకుని గొంతులోని పైస్వరాలను కూడా కోసేస్తే, ఎంత ఖరీదైన కెపాసిటరూ వాటిని తిరిగి తేలేదు. కాబట్టి మన పాత పాటలను అంకెల్లోకి ఎక్కించే తొలి అంచె దగ్గర మనం చూపవలసిన శ్రద్ధ, తుది అంచె మీద చూపే మోజుకు పదింతలు కావాలి. చివరిదాన్ని రేపు ఎవరైనా విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు. మొదటిదానికి ఆ అవకాశం, మూల రికార్డు అరిగిపోయేంతవరకే.

సోల్డరింగు కడ్డీ పట్టే మిత్రులకు ఒక్క విన్నపం. తీసిన భాగాలను పొట్లం కట్టి పెట్టెలోనే ఉంచండి. ఏమి మార్చారో, ఎప్పుడు మార్చారో ఒక చీటీ మీద రాసి మూత లోపల అంటించండి. తరువాత వినేవాడికి తాను వింటున్నది ఎవరి చేతిపనో తెలియాలి.